సున్నం తగలని పళ్లెం

శేషమ్మ ఇంట్లో సున్నపు డబ్బీకి ఒక హద్దుంది. వీధి వసారా దాటి అది లోపలికి రాకూడదు. తాంబూలం వేసుకునే చుట్టాలు ఎంత పెద్దవాళ్లయినా వసారా అరుగుమీదే ఆకుకు సున్నం రాసుకోవాలి, చేతులు కడుక్కున్నాకే గడప తొక్కాలి. దసరాకు ముందు అమ్మవారి గుడికి కుంకుమ చేసే రోజుల్లోనైతే ఈ కట్టుబాటు ఇంకా గట్టిది. దాన్ని పెట్టింది శేషమ్మ అత్తగారు వెంకటరమణమ్మ. ఆవిడ పోయి పన్నెండేళ్లయినా, ప్రొద్దుటూరులోని ఆ ఇంట్లో ఆ హద్దు మాత్రం చెరగలేదు.

అటువంటిది, ఆ ఆదివారం పొద్దున ఎనిమిదో తరగతి చదివే మనవరాలు అమూల్య సున్నపు డబ్బీ అరచేతిలో పెట్టుకుని నట్టింట్లోకి నడిచి వచ్చేసింది.

"ఆగాడ!" శేషమ్మ చేతిలో జల్లెడ ఆగిపోయింది. "యాడికెత్తుకపోతాండావు దాన్ని? కుంకుమ జల్లిస్తాండానని కండ్లకు కనపడల్యా?"

"సైన్సు ప్రయోగానికవ్వా. మిద్దెమీదికే."

"మిద్దెకు బయట మెట్లు ల్యావా? ఎనక్కి తిరుగు. ఒగ చుక్క రాలకూడదు."

"రాలితే ఏమైతాది?"

శేషమ్మ వేలితో గడప చూపించింది. మనవరాలు గడప దాటిందాకా చూసి, ఎందుకైనా మంచిదని కుంకుమ పళ్లేన్ని ఇంకొంచెం గోడవైపుకు జరుపుకుంది.

పని ముగించి, మడిచీర మార్చుకుని మిద్దె ఎక్కేసరికి ఆమెకు నవ్వొచ్చింది. బట్టలారేసే తీగంతా కాగితపు ముక్కలే. డ్రాయింగు పుస్తకం చించి వేలెడు వెడల్పున కత్తిరించిన పట్టీలు. కొన్ని మందారపు రేకులు ఉడికించిన నీళ్లలో ముంచినవి, కొన్ని శంఖుపూల నీలంలో ముంచినవి, కొన్ని పసుపు నీళ్లలోవి. పసుపు పట్టీలకు క్లిప్పులు పెట్టినచోట ఎర్రటి మచ్చలున్నాయి.

"ఇవేందే, తట్టు పోసినట్టు?"

"అమ్మ క్లిప్పులకు సర్ఫు అంటుకుందవ్వా. సబ్బు, సున్నం, సోడా ఇట్లాంటివి తగిలితే పసుపు ఎర్రగైతాది." అమూల్య సున్నపు తేటలో పుల్ల ముంచి ఒక పసుపు పట్టీమీద గీసింది. గీత రక్తంలా పొంగింది. దానిమీద నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపయింది. "సూసినావా?"

"దీనికి బడికి పోవాల్నా? ఇవి ఎర్రనీళ్లు కాదూ! నీ బారసాల నాడు నీకు దిష్టి తీసింది ఈ పసుపు, సున్నంతోనే."

"మరి చెప్పలేదే నాకు?"

"అప్పుడు నీకు పదకొండు దినాలు. ఇనే తీరిక నీకు ల్యాకపాయె."

అమూల్య పకపకా నవ్వి, శంఖుపూల పట్టీ చూపించింది. పులుపు తగిలితే నీలం పోయి గులాబీరంగు వస్తుంది, సున్నం తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. నిమ్మకాయ ఒక పక్క, సున్నం ఇంకో పక్క. ఏ వస్తువు ఏ పక్కదో పూలే చెప్పేస్తాయి. శేషమ్మ ఒక పట్టీని చాలాసేపు చేత్తో పట్టుకుని చూసింది. పెరట్లో పూసి దేవుడి పటాలకెక్కే పూలకు ఇంత తెలివుందా అనిపించింది.

"బుధవారం జమ్మలమడుగులో ప్రదర్శనవ్వా. నా ప్రయోగం పేరేందో తెల్సా? కుంకుమా, రంగా! బజారు కుంకుమల మింద నిమ్మరసం ఏస్తే రంగుపొడైతే ఎర్రగానే ఉంటాది. పసుపుతో చేసిందైతే పసుప్పచ్చగైతాది. మా సాజియా టీచర్ వీడియోలో చూపించింది. నీది కడాకు పెడతా. అన్నీ ఎర్రగా ఉంటే నీదొగటే పసుప్పచ్చగైతాది, అప్పుడు చప్పట్లే చప్పట్లు! ఇప్పుడే ఒగ చిటికెడు ఈ, చూద్దాం."

"అమ్మవారికి కొలిచి డబ్బాకెత్తిందాకా ఎవురికీ చిటికెడు గూడా తీయకూడదు. ఆ పొద్దే తెస్తా, నేనే వచ్చి ఇస్తా."

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. ఆ గర్వం బుధవారం మధ్యాహ్నం దాకా నిలిచింది.

*

జమ్మలమడుగు హైస్కూలు వరండాలో బల్లలు వరసగా వేశారు. అమూల్య బల్లమీద ఆరు పింగాణీ సాసర్లు. ఐదింట్లో బజారు కుంకుమలు, ఆరోదాంట్లో శేషమ్మ వెండి భరిణెలోంచి తీసి పెట్టిన కుంకుమ. సాజియా టీచర్ పక్కన నిలబడింది. శేషమ్మ కొంచెం వెనక, స్తంభం దగ్గర.

బహుమతులిచ్చే పెద్దమనిషి అటువైపే వచ్చాడు. ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి, శేషమ్మ వాళ్ల వీధి గుడికి కమిటీ అధ్యక్షుడు, రాఘవేంద్రప్రసాద్. వెనకాల ఫోన్లు పట్టుకుని పదిమంది.

"మన శేషమ్మక్క మనవరాలా! కానీ పాపా, చూపించు."

అమూల్య గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఒకటో సాసరుమీద నిమ్మరసం, ఎరుపు చెదరలేదు. "రంగు." రెండోది, "రంగు." మూడోదాని మీద చుక్క పడగానే ఎరుపు పోయి పసుపురంగుకు తిరిగింది. జనం 'అరె' అన్నారు. నాలుగు, ఐదు మళ్లీ ఎరుపే.

"ఇప్పుడు మా అవ్వ చేతి కుంకుమ. నలభై ఏండ్లుగా అమ్మవారికి పోతాండేది."

చుక్క పడింది. కుంకుమ తడిసింది. తడిసి ఇంకా ఎర్రబడింది.

అమూల్య ఇంకో చుక్క వేసింది. తర్వాత నిమ్మచెక్కంతా పిండేసింది. సాసరులో కుంకుమ చిక్కటి రసమై నిగనిగలాడింది గాని పసుపు జాడ లేదు. వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక ఫోను సాసరు మీదికి వంగింది.

"ఏంది పాపా ఇది?" రాఘవేంద్రప్రసాద్ అడిగాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. చేసి ఉంటే శేషమ్మకు ఇంత గుచ్చుకునేది కాదేమో. "నీ లెక్కన ఇది గూడా రంగేనా?"

అమూల్య నిమ్మచెక్కను బల్లమీద పెట్టేసింది. వెనక్కి తిరిగి అవ్వ వైపు చూసింది. ఆ చూపును శేషమ్మ ఆ తర్వాత మూడు రోజులు మరిచిపోలేకపోయింది. అందులో ఉన్నది జాలి కాదు. అనుమానం.

ప్రొద్దుటూరు బస్టాండులో దిగాక అమూల్య నేలచూపులు చూస్తూ అడిగేసింది.

"ఒగ మాట అడుగుతా, తిట్టాకు. నువ్వేమన్నా కలిపినావా అవ్వా? ఎర్రగా కనపడల్లని?"

"నేను కలిపినానా?" అంది శేషమ్మ. అంతకు మించి ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదని ఇంటికి చేరాక అనిపించింది.

*

వాళ్లు గడప తొక్కేలోపే వీడియో ఇంటికి చేరింది. కోడలు గాయత్రి ఫోనులో మూడు గ్రూపుల నుంచి వచ్చింది. 'నలభై ఏళ్లుగా అమ్మవారికి రంగుపొడి' అని ఎవరో పైన రాశారు కూడా. చీకటి పడకముందే శేషమ్మకు ముద్దనూరు నుంచి ఆడపడుచు, పులివెందుల నుంచి తమ్ముడు ఫోను చేశారు. తమ్ముడు ఓదార్చినట్టే మాట్లాడి, చివర్లో "ఈ కాలంలో అందరూ కలిపేదేలే అక్కా" అన్నాడు.

రాఘవేంద్రప్రసాద్ తానే ఇంటికొచ్చాడు. వసారాలోనే నిలబడి శేషమ్మ భర్త రామాంజులుతో చెప్పాడు.

"రామాంజులు మామా, నామింద కోపం ఏమొద్దు. సోమవారం కలశం పెడతాండాం. ఊరంతా వీడియో తిరుగుతాండాది. ఈసారికి కంపెనీ కుంకుమ ప్యాకెట్లు తెప్పిస్తాం. మీ డబ్బా మీకాడనే ఉండనీ."

"మా యమ్మ కాలం నుంచి పోతాండే డబ్బాప్పా అది."

"అందుకే మామా బాధ. ఆ యమ్మ చేతిది ఇట్ల ఉండ్లేదు అంటాండారు జనం."

లోపల తలుపు చాటున శేషమ్మ ఆ మాట విన్నది. అత్తగారి చేతిది ఎట్లుండిందో, తనదీ అట్లనే ఉంది. అదే పసుపు కొమ్ములు, అదే నిమ్మరసం, అదే వెలిగారం, పిసరంత పటిక. మూడు రోజులు నానబెట్టి, కర్ర గరిటెతో తిప్పుతూ, నీడపట్టున ఆరబెట్టి, రోట్లో దంచి, పలచటి గుడ్డలో జల్లించడం. ఆ పని జరిగే రోజుల్లో ఒంటిపూట భోజనం. ఇందులో అబద్ధం ఎక్కడ దూరింది?

దూరలేదని ఆమె గట్టిగా అనుకోలేకపోయింది. అదీ అసలు భయం. కొమ్ములు మైదుకూరు నుంచి తెప్పించింది, వాటికి అంగట్లోనే ఏదన్నా రంగు పూశారేమో? వెలిగారం అని ఇచ్చింది వెలిగారమేనా? తనకు తెలియకుండా తన చేత్తోనే ఇన్నేళ్లూ అమ్మవారి నుదుట ఏం పెట్టింది? ఆ కుంకుమ పెట్టుకున్న ఆడవాళ్లందరి ముఖాలూ ఒక్కొక్కటిగా కళ్ల ముందుకొచ్చాయి. దీపం పెట్టి పటం ముందు కూర్చుని, "తల్లీ, నేను చేసింది తప్పయితే చెప్పు, కాకపోయినా చెప్పు" అని అడిగింది. దీపం తన పాటికి తాను వెలిగింది. అడిగినవాటికి అమ్మవారు వెంటనే జవాబు ఇవ్వదని శేషమ్మకు ఈ వయసుకు తెలుసు. ఆలస్యమయ్యే కొద్దీ మనిషి ఎంత నలుగుతుందో మాత్రం కొత్తగా తెలిసింది.

*

గురువారం సాయంత్రం సాజియా టీచర్ వచ్చింది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది.

"తప్పు నాదమ్మా. ఫోన్లో చూసిన ప్రయోగాన్ని మళ్లా ఒకసారి చేసి చూసుకోకుండా పాపకు చెప్పినా. ఆ వీడియోలోది సున్నంతో చేసిన కుంకుమ. మీరు ఎట్ల చేస్తారో అడగనేలేదు. ఇప్పుడు చెప్తారా?"

అమూల్య గుమ్మం దగ్గరే నిలబడింది. ముందురోజు నుంచి ఆ పిల్ల అవ్వ ఉన్న గదిలోకి రావడం లేదు.

శేషమ్మ చెప్పింది. నిమ్మకాయల దగ్గరికొచ్చాక, "కాయలు ఎన్నని లెక్కపెట్టంలేమ్మా, కాయలమ్మే గులాబ్‌బీ గంపెత్తుకొస్తే గంపంతా మాకే" అంటూ చూపించడానికి భరిణె తెరిచింది. అంతకుముందే టీచరుకు మంచినీళ్లిచ్చిన చెయ్యి, వేళ్లు తడిగానే ఉన్నాయి. కుంకుమ వేలికి ముద్దగా అంటుకుంది. తుడుచుకోవడానికి బల్లమీద చేతికందిన కాగితం తీసుకుంది. అది అమూల్య నీలం పట్టీ.

నీలం మీద ఎర్రటి వేలిముద్ర పడింది. దాని చుట్టూ తడి పాకినంత మేర కాగితం గులాబీరంగుకు తిరిగింది.

ముందు చూసింది శేషమ్మే. "ఏమే, ఇది నిమ్మకాయ రంగు కదా?"

అమూల్య గుమ్మం వదిలి వచ్చింది. పట్టీని లాక్కుని వెలుతురులో పెట్టింది. పరుగున పోయి ప్రదర్శనలో పసుపుగా మారిన బజారు కుంకుమ పొట్లం తెచ్చి, చిటికెడు తడిచేసి ఇంకో పట్టీమీద పెట్టింది. పట్టీ ఆకుపచ్చకు తిరిగింది.

"ఇది సున్నం పక్క. అవ్వది నిమ్మకాయ పక్క." పిల్ల రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టింది. "టీచర్..."

"నిమ్మరసంలో మూడు దినాలు నానింది. పులుపులోనే ఎర్రగైంది." శేషమ్మ తనలో తాను అనుకున్నట్టే అంది. "దానిమింద ఇంకో చుక్క పులుపు ఏస్తే అదేం మారతాది? యాలా మారతాది?"

సాజియా టీచర్ తల పట్టుకుంది. "అవునమ్మా. సున్నంతో ఎర్రనైనదాన్నే నిమ్మకాయ విరుస్తుంది. మీదాన్ని చూడాలంటే ఆ పక్క నుంచి చూడాలి. వెలిగారంతో, అదే బోరాక్సుతో, పసుపు ఎర్రబడితే, దానికి సున్నం తగిలినప్పుడు రంగు మారాలని ఎప్పుడో చదివినట్టు గుర్తు. రంగుపొడైతే మారదు. కొంచెం సున్నపు తేట ఉంటే ఇప్పుడే..."

"వద్దు!"

ఆ కేకకు టీచర్ చెయ్యి గాల్లోనే ఆగింది. అమూల్య ముఖంలో అంతవరకూ పొంగిన వెలుగు తగ్గిపోయింది.

"యాల వద్దు? భయమా నీకు?"

"గమ్మునుండు పాపా," అన్నాడు వసారాలోంచి రామాంజులు.

"ల్యా, అడగనీ." శేషమ్మ భరిణె మూసింది. తర్వాత, నలభై ఏళ్లుగా ఎవరికీ, భర్తకు కూడా చెప్పని సంగతి చెప్పింది.

పులివెందుల నుంచి కొత్త కోడలుగా వచ్చిన ఏడాది. అత్తగారికి ఆకులకు సున్నం రాసి చుట్టి ఇచ్చి, చెయ్యి కడుక్కోవడం మరిచి, ఆరబోసిన కుంకుమను సర్దబోయింది. నాలుగు వేళ్లు పడినచోట నాలుగు మచ్చలు. చూస్తుండగానే నల్లబడ్డాయి, ఆకుపచ్చ కలిసిన నలుపు, గాయం కమిలినట్టు. అత్తగారు చూసి గుండెలు బాదుకుంది. పళ్లెంలోదంతా తీసుకుపోయి పెన్నేట్లో కలిపింది. కోడలి చేత తొమ్మిది రోజులు ఉపవాసం చేయించింది. "అమ్మవారి సొమ్మును నల్లచేసినావు. ఈ మాట ఈ గోడలు దాటిందా, మన చేతి కుంకుమ ఎవురూ ముట్టరు" అంది. అప్పటి నుంచే సున్నపు డబ్బీకి హద్దు.

"అది దోషమనుకున్నా ఇన్నేండ్లూ," అంది శేషమ్మ.

"దోషం కాదవ్వా, అదే రుజువు! రంగుపొడైతే నల్లగయ్యేదే కాదు!" అమూల్య ఎగిరినంత పనిచేసింది. "ఇప్పుడు చేసి చూద్దాం, ఒగ చిటికెడే!"

"చెయ్యను. తెలిసి తెలిసి రెండుసార్లు ఆ పని చెయ్యలేను. చేస్తే ఒగటేసారి, గుళ్లో, అందరి ముందర, ఆ యమ్మ ముందర."

సాజియా టీచర్ మెల్లిగా అంది, "ముందు చూసుకోకుండా అంతమందిలో చేసే తప్పు నేను ఇప్పటికే ఒకసారి చేసినానమ్మా."

శేషమ్మ తలూపింది. కాని మాట మార్చుకోలేదు.

శనివారం తెల్లవారి స్నానమయ్యాక రామాంజులు అడిగాడు. "నల్లబడకపోతే?"

"నేను రంగు పూసినదాన్ని అని నాకే తెలుస్తాది. ఇంక ఈ చేత్తో రోలు ముట్టను."

"నల్లబడితే?"

"పండగ ముందర అమ్మవారి కుంకుమను నల్లచేసిన ఆడది అంటారు."

"అంటే రెండు పక్కలా తిట్లే. పోదాం పా," అని ఆయన డబ్బా ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

*

గుడి కడగడానికి శనివారం పొద్దున్నే వీధిలోని ఆడవాళ్లంతా వచ్చారు. మంటపంలో బిందెల నీళ్లు పారుతున్నాయి. శేషమ్మను చూడగానే చీపుర్ల చప్పుడు పలచబడింది. ఒకామె, "నీళ్లున్నాయి, చూసి నడువు" అని మాత్రం అంది. రోజూ 'వదినా' అని పిలిచే మనిషి.

రాఘవేంద్రప్రసాద్ గర్భగుడి మెట్టు పక్కన ప్యాకెట్ల పెట్టె దింపిస్తున్నాడు.

"అక్కా, మామతో చెప్పినానే..."

"చెప్పినావప్పా. నాకు పావుగంట ఈ. అమ్మ ముందర ఒగటి చూపిస్తా. ఆ తర్వాత నీకేది తీసుకోవాలనిపిస్తే అది తీసుకో."

పూజారి లోపలి నుంచి వచ్చి నిలబడ్డాడు. రాఘవేంద్రప్రసాద్ చేతి గడియారం చూసుకుని, "కానీండి మళ్ల" అన్నాడు.

అమూల్య రాతిబండ మీద రెండు తమలపాకులు పరిచింది. ఒకదాంట్లో ప్యాకెట్ కుంకుమ, ఇంకోదాంట్లో డబ్బాలోది. రెండు గ్లాసుల్లో నిమ్మరసం, సున్నపు తేట. చేతిలో నీలం పట్టీలు. బుధవారం నాడు గడగడా మాట్లాడిన పిల్ల ఈ రోజు ఒక్కో మాటా వెతుక్కుంటోంది.

"ఇది శంఖుపూల కాగితం. నిమ్మరసం తగిలితే ఇట్ల గులాబీ. సున్నం తగిలితే ఇట్ల ఆకుపచ్చ. ఇప్పుడు అవ్వ కుంకుమ. గులాబీ. అంటే ఇది పులుపులో పుట్టింది. పులుపులో పుట్టినదాన్ని నిమ్మకాయతో పరీక్ష పెట్టినా నేను. అది నా తప్పు. మా అవ్వది కాదు."

"సరే పాపా. మరి ఏంతో పరీక్ష పెట్టల్ల?"

"సున్నంతో."

ఆడవాళ్లలో గుసగుస రేగింది. "కుంకుమలో సున్నమా?" "శనివారం పూటా?"

అమూల్య ముందు ప్యాకెట్ కుంకుమ మీద నిమ్మరసం పోసింది. ఎరుపు. ఇంకో చిటికెడు తీసి సున్నపు తేట పోసింది. అప్పుడూ ఎరుపే. "ఇది దేనికీ మారదు," అంది.

రాఘవేంద్రప్రసాద్ ముఖం కొంచెం బిగిసింది. "మారకపోవడం తప్పా?"

అమూల్య రెండో ఆకువైపు పుల్ల చాచింది. శేషమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వొద్దు. దీంట్లో దోషముంటే చిన్నపిల్లకెందుకు? నేనే."

ఆమె సున్నపు తేటలో నాలుగు వేళ్లు ముంచింది. తలెత్తి ఒకసారి గర్భగుడి వైపు చూసింది. లోపల ఇంకా అలంకారం కాలేదు, పాతచీరలోనే ఉంది అమ్మవారు. శేషమ్మ కుంకుమ మీద వేళ్లు ఆనించి తీసింది.

నాలుగు తడి మచ్చలు. ఎర్రగా ఉన్నాయి.

ఊపిరి తీసినంతసేపు గడిచింది. ఇంకొకటి. ఎరుపు ఎరుపుగానే ఉంది. వెనక ఎవరో "ఏమీ కాలేదే" అన్నారు. శేషమ్మకు తన మీదే అనుమానమొచ్చింది. నలభై ఏళ్ల కిందటి ఆ మచ్చలు తాను నిజంగా చూసినవేనా? పద్దెనిమిదేళ్ల పిల్ల భయంలో కనబడినవా? అమూల్య వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. ఆ రోజు జమ్మలమడుగులో తనను అనుమానంగా చూసిన కళ్లతోనే ఇప్పుడు ఆకును తినేసేలా చూస్తోంది.

"అవ్వా... అంచు చూడు."

ఒక మచ్చ అంచున సన్నటి నలుపు పుట్టింది. అక్కణ్ణుంచి లోపలికి జరిగింది. రెండోది, మూడోది, నాలుగోది. పచ్చ కలిసిన నలుపు, కమిలిన గాయంలాగే, అప్పట్లాగే. నాలుగు వేళ్లు పడినచోట నాలుగు మచ్చలు.

మంటపంలో ఒకామె "అయ్యో తల్లీ" అని వెనక్కి జరిగింది. ఇంకొకామె లెంపలు వేసుకుంది. శేషమ్మ బండ పట్టుకుని కూర్చుండిపోయింది. ఆమెకు ఏడుపు వస్తోంది, అది భయమో ఊరటో ఆమెకే తెలియలేదు.

"మారింది!" అమూల్య అరిచింది. "పసుపే గనక మారింది! రంగైతే మారదు, మీరే చూసినారు, ఆ ప్యాకెట్‌ది మారల్యా!"

రాఘవేంద్రప్రసాద్ వంగి రెండు ఆకులనూ మార్చి మార్చి చూశాడు. ప్యాకెట్‌ది తానే వేలితో కలిపి చూశాడు. వేలికంటిన ఎరుపు తుడిచినా పోలేదు. కండువాకు రాసుకున్నాడు, కండువాకూ అంటింది.

"ఏమయ్యా, ఆ ఏలు ఇంక పండగదాకా అట్లనే ఉంటాది," అన్నాడు రామాంజులు.

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో బిగుసుకున్న గాలి కొంచెం వదులైంది. కాని ఆడవాళ్ల చూపులు నల్లమచ్చల మీంచి కదల్లేదు. అడగాల్సిన మాట ఇంకా మిగిలే ఉంది. దాన్ని శేషమ్మే అడిగింది, పూజారిని.

"స్వామీ, రుజువు కోసం అమ్మ కుంకుమను నల్లచేసినా. ఇది దోషమైతే నాకు చెప్పండి. డబ్బాను ముట్టకుండా ఎనక్కి తీసుకపోతా."

పూజారి ఆకు దగ్గరికి వచ్చాడు. ఆయనకూ ఇటువంటిది ఏ పుస్తకంలోనూ తగిలినట్టు లేదు.

"నాకు తెల్దమ్మా," అన్నాడు చివరికి. "నాకు తెలిసింది ఒగటే. ఇన్నేండ్లు ఈ చేత్తో అర్చన చేసినా, ఎప్పుడూ నా ఏలు మండలేదు, తల్లి నుదురు కమలలేదు." డబ్బా మూత తీసి, పిడికెడు కుంకుమ తీసుకుని వాసన చూశాడు. "పులుపు వాసన ఉంది. ఎప్పుడూ ఉండేదే. ఇది ఏందని నేనూ ఎప్పుడూ అడగలేదు." డబ్బాను తానే ఎత్తి గర్భగుడి లోపల పెట్టాడు.

రాఘవేంద్రప్రసాద్ ప్యాకెట్ల పెట్టెను కాలితో పక్కకు జరపబోయి, పైనున్న అమ్మవారి బొమ్మ చూసి ఆగి, వంగి చేత్తోనే జరిపాడు. "వీడియో తీసినోళ్లకు చెప్తాలే అక్కా, ఇది గూడా పెట్టమని."

"పెట్టినా అది అంత దూరం పోదప్పా," అంది శేషమ్మ. నిందించడానికి కాదు. ఆమెకు ముద్దనూరూ, పులివెందులా గుర్తొచ్చాయి.

ఆకులోని నల్లమచ్చల కుంకుమ మిగిలింది. దాన్ని ముట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. కలపడానికి పెన్న దాకా పోవాలా, చెట్టు మొదట్లో పోయాలా అని శేషమ్మ ఆలోచిస్తుంటే, అమూల్య అడిగింది.

"పారేయాల్నా? నా పుస్తకంలో అంటించుకుంటానవ్వా. నాలుగు మచ్చలూ."

శేషమ్మ ఆ పిల్ల ముఖం చూసింది. బుధవారం నాటి చూపు ఎక్కడా లేదు. "తీసుకో. మడతపెట్టేటప్పుడు చెరపాకు," అంది.

ఇంటికొచ్చాక అమూల్య సున్నపు డబ్బీతో వసారాలో ఆగింది. ఈసారి తనంత తానే ఆగింది.

"ఇంక లోపలికి తేవచ్చా అవ్వా? దోషం కాదని తేలిపాయ గదా."

"తేవాకు. నల్లబడుతుందని గూడా తేలిపాయ గదా." శేషమ్మ చేతులు కడుక్కుంటూ అంది. రెండుసార్లు కడిగింది, మూడోసారి గోళ్ల కింద కూడా. "మా యత్త ఇది తెలిసే హద్దు పెట్టిందో, భయపడి పెట్టిందో నాకు తెల్దు. అడుగుదామంటే ల్యాకపాయె. నువ్వు మాత్రం ఎవురన్నా అడిగితే కారణం చెప్పు. ఊరికే అరవాకు, నా మాదిరి."

అమూల్య డబ్బీని అరుగుమీద, ఎప్పుడూ ఉండేచోటే పెట్టింది. పెట్టి, తన చేతులు కూడా కడుక్కుని లోపలికి వచ్చింది.